భుజం కీలు తొలగడం: అత్యవసర చికిత్స

దండచేయి ఎముక పైకొసన ఉండే గుండ్రని తల, రెక్క ఎముకకు పక్కవైపున ఉన్న గుంటలోంచి పూర్తిగా బయటికి వచ్చి అక్కడే చిక్కుకుపోయిన స్థితిని భుజం కీలు తొలగడం అంటారు. వైద్య గ్రంథాల్లో దీనికి భుజసంధి స్థానభ్రంశమనే పేరుండగా, జనం గూడ జారిందనో, భుజం తప్పిందనో, కీలు ఊడిందనో చెప్పుకుంటారు. తల గుంటలోంచి కొంత జరిగి తనంతట తానే సర్దుకుంటే అది పాక్షిక స్థానభ్రంశం. దానికి అప్పటికప్పుడు చేయవలసింది తక్కువ. శరీరంలోని పెద్ద కీళ్లలో తరచుగా తొలగేది భుజమే. ఆసుపత్రులకు వచ్చే పెద్ద కీళ్ల స్థానభ్రంశాల్లో సుమారు సగం దీనివే. ప్రాణం మీదికి తెచ్చే గాయం కాకపోయినా, నొప్పి విపరీతంగా ఉండడం వల్లా, ఆలస్యమయ్యేకొద్దీ కండరాలు బిగుసుకుని కీలును కూర్చోబెట్టడం కష్టమవడం వల్లా, పక్కనే సాగే నరానికీ ధమనికీ ముప్పు ఉండడం వల్లా ఇది అత్యవసర విభాగంలోనే తేలవలసిన వ్యవహారం. చికిత్స మొత్తం చేతులతో జరిగేదే. అయితే ఆ చేతులు ఎదుర్కోవలసింది ఎముకను కాదు, నొప్పికి బిగుసుకుపోయిన కండరాలను. రెండువేల ఏళ్లకు పైబడిన ఈ చికిత్సలో పద్ధతులు మారుతూ వచ్చిన తీరు అర్థం కావడానికి ఈ ఒక్క సంగతి చాలావరకు సరిపోతుంది.

కీలు నిర్మాణం, అది తొలగే తీరు

మనిషి శరీరంలో భుజమంత విశాలంగా తిరగగల కీలు మరొకటి లేదు. అంతగా తిరగనిచ్చే నిర్మాణమే అది సులువుగా తొలగడానికీ కారణం. తుంటి కీలులో తొడ ఎముక తల లోతైన గిన్నెలో ఇమిడి ఉంటుంది గాని, భుజంలో గ్లీనాయిడ్ అని పిలిచే గుంట సీసా మూతలో ఉసిరికాయను నిలిపినట్టు పెద్ద తలను పైపైనే పట్టుకుని ఉంటుంది. ఏ భంగిమలో చూసినా తలలో పావు వంతు నుంచి మూడో వంతు వరకే గుంటను తాకుతుంది. ఈ లోటును తీర్చడానికి గుంట అంచు చుట్టూ లేబ్రమ్ అనే నారు వలయం ఉండి దాని లోతును కొంత పెంచుతుంది. దాని మీదుగా కీలును కప్పే తిత్తి, ఆ తిత్తిలోనే మందంగా ఏర్పడిన లిగమెంట్లనే పట్టీలు, వాటి చుట్టూ రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల స్నాయువులు కలిసి తలను గుంటకు అదిమి ఉంచుతాయి. ముందువైపు, కింది భాగంలో ఈ కవచం పలచన. సరిగ్గా ఆ దిగువనే యాక్సిలరీ నరం దండ ఎముక మెడను చుట్టుకుని వెనక్కి పోతుంది, అదే పేరుగల ధమని చంకలోంచి చేతిలోకి దిగుతుంది.

చేయి పక్కకు లేచి, బయటివైపు తిరిగి, వెనక్కి వంగి ఉన్న స్థితిలో దాని మీద బలం పడితే తల ముందుకు జారుతుంది. కబడ్డీలో రైడర్ చేతిని చాపి ఉండగా వెనకనుంచి లాగినప్పుడు, మోటారు సైకిల్ మీంచి పడుతూ చేయి నేలకు ఆనించినప్పుడు, వయసు మళ్లినవారు స్నానాల గదిలో జారినప్పుడు జరిగేది ఇదే. అందుకే ఈ గాయం రెండు వయసుల్లో ఎక్కువగా కనిపిస్తుంది: ఆటల్లో, రోడ్డు మీద దెబ్బలు తగిలే యువకుల్లోను, నిలబడిన ఎత్తునుంచే పడిపోయే వృద్ధుల్లో, ముఖ్యంగా స్త్రీలలోను. తొలగిన భుజాల్లో 95 శాతం దాకా ఇలా ముందుకు జారినవే. అప్పుడు తల సాధారణంగా కోరకాయిడ్ అనే చిన్న ఎముక కొమ్ము కింద వచ్చి నిలుస్తుంది.

వెనక్కి తొలగడం నూటికి రెండు నుంచి నాలుగు మందిలోనే జరుగుతుంది గాని, వైద్యుడు పొరబడేది ఎక్కువగా అక్కడే. మూర్ఛ వచ్చినప్పుడు, కరెంటు షాకు తగిలినప్పుడు భుజాన్ని లోపలికి తిప్పే బలమైన కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని, బయటికి తిప్పే బలహీనమైన కండరాలను ఓడించి తలను వెనక్కి నెట్టేస్తాయి. పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర షాకు కొట్టిన మనిషికి గుండె లయను, కాలిన గాయాలను చూసే హడావిడిలో భుజం సంగతి మరుగున పడుతుంది. మూర్ఛ రోగి తేరుకున్న తరవాత చెప్పే భుజం నొప్పిని కండరాల నొప్పిగా కొట్టిపారేయడమూ మామూలే. మూడో రకంలో తల నేరుగా కిందికి జారి, చేయి తలమీదుగా పైకెత్తిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. చేతిని దించలేని రోగిని చూడగానే గుర్తించదగినదే అయినా, చాలా అరుదైన ఈ రకంలో నరాలకు, రక్తనాళాలకు దెబ్బ తగలడం మిగతా రెండింటికంటే ఎక్కువ.

ఆసుపత్రికి చేరేలోగా

గాయపడినచోటే కీలును ఎక్కించడానికి తోటి ఆటగాళ్లో, బంధువులో చేతిని లాగడం ప్రమాదకరం, ఎందుకంటే విరిగిన ఎముకకూ తొలగిన కీలుకూ తేడాను పైనుంచి చూసి నమ్మకంగా చెప్పలేము. చేయి ఏ భంగిమలో నొప్పి తక్కువగా ఉంటే ఆ భంగిమలోనే తువ్వాలు గాని, చిన్న దిండు గాని సందులో పెట్టి ఒంటికి ఆనించి కట్టి, గుడ్డలో చుట్టిన మంచుముక్కలు పెట్టి తీసుకురావాలి. వేళ్లు వాచకముందే ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయడం చిన్న పనే గాని, మరిచిపోతే తరవాత కోయవలసి వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవ ఇటువంటి రోగులను చేయి కదలకుండా చేర్చడానికి తెలుగు రాష్ట్రాల్లో అందుబాటులో ఉంది.

పరీక్ష, ఎక్స్‌రే

ముందుకు తొలగిన భుజంతో వచ్చిన రోగి బాధపడే చేతిని రెండో చేత్తో పట్టుకుని, దాన్ని ఒంటికి కొంచెం దూరంగా, కొంచెం బయటివైపు తిప్పి ఉంచి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కూర్చుంటాడు. భుజానికి సహజంగా ఉండే గుండ్రదనం పోయి, ఏక్రోమియన్ అనే పై ఎముక కొస మొనదేలి, దాని కింద వేలికి ఖాళీ తగులుతుంది. తల ముందువైపు గడ్డలా చేతికి అందుతుంది. రోగి చేతిని ఎదుటి భుజం మీద పెట్టుకోలేకపోవడాన్ని డూగాస్ లక్షణమంటారు. వెనక్కి తొలగినప్పుడు ఇంత స్పష్టంగా కనిపించదు. చేయి ఒంటికి అంటి లోపలికి తిరిగి ఉండి, దాన్ని బయటివైపు తిప్పడం ఎంతమాత్రం సాధ్యం కాకపోవడమే నమ్మదగిన గుర్తు.

కీలును ముట్టుకునే ముందే నరాలను, రక్త ప్రసరణను పరీక్షించి కాగితం మీద రాసిపెట్టడం ఈ చికిత్సలో తప్పనిసరి నియమం. భుజం బయటి పక్కన, సైనికులు చొక్కా చేతికి పటాలం గుర్తు కుట్టించుకునే చోట చర్మం మొద్దుబారిందేమో చూడడం యాక్సిలరీ నర పరీక్షగా ప్రసిద్ధం. అయితే స్పర్శ మామూలుగానే ఉండి కండరం పడిపోయిన సందర్భాలు తక్కువేమీ కావు కాబట్టి, రోగిని చేయి కదపకుండానే మోచేతిని పక్కకు నెట్టమని చెప్పి డెల్టాయిడ్ కండరం గట్టిపడుతోందా లేదా అని వేళ్లతో తాకి తెలుసుకోవడం ఇంకా నమ్మకమైన పద్ధతి. మణికట్టు దగ్గర నాడి, వేళ్ల కదలిక, చేతి చల్లదనం కూడా చూస్తారు. ధమనులు గట్టిపడిన వృద్ధుల్లో యాక్సిలరీ ధమని చిరిగే అవకాశముంది. చంకలో ఉబ్బు పెరుగుతూ ఉంటే, మణికట్టు నాడి అందుతున్నా సరే, ధమని గాయాన్ని అనుమానించాలి. నరం మొద్దుబారినంత మాత్రాన కీలును కూర్చోబెట్టడం వాయిదా వేయనక్కరలేదు సరికదా, నరం మీద ఒత్తిడి తగ్గేది కీలు లోపలికి పోయినప్పుడే. ముందే రాసిపెట్టని నరదోషం తరవాత బయటపడితే అది గాయంవల్ల వచ్చిందా, చికిత్సవల్ల వచ్చిందా అనే ప్రశ్నకు వైద్యుడి దగ్గర జవాబుండదు.

ఎక్స్‌రే రెండు పనులు చేస్తుంది: తొలగిన దిక్కును తేలుస్తుంది, ఎముక విరిగిందేమో చెబుతుంది. ఎదురుగా తీసిన ఒక్క చిత్రం సరిపోదు. వెనక్కి తొలగిన భుజం ఆ చిత్రంలో దాదాపు మామూలుగానే కనిపించి, లోపలికి తిరిగిన తల కరెంటు బల్బులా గుండ్రంగా ఉండడమొక్కటే ఆధారమవుతుంది. మొదటి పరీక్షలో ఈ రకం సగం వరకు జారిపోతుందని వైద్య గ్రంథాలు చెబుతూ వస్తున్నది ఇందుకే. రెక్క ఎముకను పక్కనుంచి చూపే వై ఆకారపు చిత్రమో, చంకలోంచి పైకి తీసే చిత్రమో తోడైతే సందేహం తీరుతుంది. దండ ఎముక పెద్ద గుబ్బ విరిగి ఉంటే, తల లోపలికి పోగానే ఆ ముక్క చాలాసార్లు తన చోటికే చేరుతుంది. కాని తలకు దిగువనున్న మెడ విరిగి ఉంటే అత్యవసర విభాగంలో లాగడానికి ప్రయత్నించకూడదు, ఎందుకంటే లాగిన చేయి తలను కదిలించకపోగా విరిగిన ముక్కలను ఇంకా ఎడం చేస్తుంది. పదేపదే తొలగే భుజం, ఈసారి కూడా పెద్ద దెబ్బ లేకుండానే జారినట్టయితే ముందు చిత్రం లేకుండానే కూర్చోబెట్టడం ఆమోదించదగిన ఆచారం. మంచం పక్కనే అల్ట్రాసౌండ్‌తో తల ఎక్కడుందో చూడడం కూడా ఇటీవల బాగా వ్యాపించింది. కూర్చున్నదో లేదో అప్పటికప్పుడు తెలియడం దాని అసలు లాభం.

నొప్పి, బిగువు

నొప్పి కండరాన్ని బిగిస్తుంది, బిగిసిన కండరం తలను మరింత ఇరికించి నొప్పిని పెంచుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచడమే మందుల పని. గాయమైన వెంటనే వచ్చిన, భయం తక్కువగా ఉన్న రోగికి నిదానమైన పద్ధతిలో మందు లేకుండానే కూర్చోబెట్టడం సాధ్యమవుతుంది. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సమపాళ్లలో కలిపిన వాయువును రోగి చేతే పీల్పించడం బ్రిటన్‌లోను, మెథాక్సీఫ్లూరేన్ ఆవిరిని పీల్పించడం ఆస్ట్రేలియాలోను వాడుకలో ఉన్నాయి.

కీలులోకే మత్తుమందు ఎక్కించడం సిబ్బంది, పరికరాలు తక్కువగా ఉండే ఆసుపత్రులకు మరీ అనువైనది. ఏక్రోమియన్ బయటి అంచుకు సుమారు 2 సెంటీమీటర్ల దిగువన, తల ఖాళీ చేసిన గుంటవైపు సూది గుచ్చి, అక్కడ చేరిన రక్తాన్ని వెనక్కి లాగి, 1 శాతం లిగ్నోకెయిన్‌ను రోగి బరువుకు తగ్గ మోతాదు మించకుండా 20 మిల్లీలీటర్ల వరకు ఎక్కించి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగుతారు. ఆ నిరీక్షణే చాలామంది వైద్యులకు కష్టం. సిరలోకి ఇచ్చే మత్తుతో దీన్ని పోల్చిన అధ్యయనాలను 2011లో కాక్రేన్ సంస్థ సమీక్షించినప్పుడు, కీలు కూర్చోవడంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. దుష్ఫలితాలు మాత్రం లిగ్నోకెయిన్ వైపే తక్కువగా ఉన్నాయి, రోగి ఇంటికి పోవడమూ త్వరగా జరిగింది.

సిరలోకి ప్రొపొఫాల్, కెటమిన్, మిడజోలామ్, ఫెంటనిల్ వంటి మందులిచ్చి కొన్ని నిమిషాలు మగత కలిగించడం మరో మార్గం. ఇది చేసేచోట ఆక్సిజన్, గొంతులోని స్రావాలను పీల్చే యంత్రం, శ్వాస ఆగితే ఊపిరి ఊదే సంచీ, కీలు చూసే వైద్యుడికి వేరుగా శ్వాసను చూసే మరో మనిషి ఉండి తీరాలి. అసలు ప్రమాదం కీలు కూర్చున్న మరుక్షణంలో పొంచి ఉంటుంది: అప్పటిదాకా రోగిని మేల్కొలుపుతూ వచ్చిన నొప్పి ఒక్కసారిగా పోవడంతో అదే మోతాదు మందు అతడి ఊపిరిని అణచేస్తుంది. పని అయిపోయిందని అందరూ చేతులు దులుపుకునే ఆ సమయంలోనే పహరా గట్టిగా ఉండాలి. మెడ పక్కన నరాల గుంపును మొద్దుబార్చే ఇంటర్‌స్కేలీన్ బ్లాకు భుజాన్ని పూర్తిగా నిద్రపుచ్చుతుంది గాని, అటువైపు ఉదరవితానాన్ని కూడా తాత్కాలికంగా చచ్చుబరుస్తుంది కాబట్టి ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి తగదు. భారత వైద్య మండలి 2009లో అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించాక ఈ మత్తు పద్ధతులు మత్తు వైద్యుల గదినుంచి అత్యవసర విభాగాల్లోకి విస్తరించాయి.

కూర్చోబెట్టే పద్ధతులు

సుశ్రుత సంహితలో నిదాన స్థానం కీళ్లు తొలగడాన్ని సంధిముక్తమని, ఎముక విరగడాన్ని కాండభగ్నమని వేరుచేసి, మొదటిదాన్ని ఆరు విధాలుగా వర్గీకరించింది. చికిత్సా స్థానంలో లాగడం, అదమడం, చేర్చడం, కట్టడం అనే నాలుగు క్రియలు చెప్పి, భుజసంధి తొలగితే రోకలితో చంకను పైకెత్తి, కీలు చేరాక స్వస్తిక కట్టు కట్టమని నిర్దేశించింది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుతో ఉన్న కీళ్ల గ్రంథంలోనూ చంకే ఆధారం: వైద్యుడు తన మడమను రోగి చంకలో ఆనించి చేతిని లాగడం, రోగిని నిచ్చెన మెట్టు మీంచి వేలాడదీయడం, కొయ్య పలకను మీటలా వాడడం అందులో ఉన్నాయి; మాటిమాటికీ జారే భుజానికి చంకలో కాల్చిన ఇనుముతో వాతలు పెట్టమన్న సలహా కూడా ఉంది. పద్ధతులు పరస్పరం తెలియకుండానే ఇంత దగ్గరగా రావడానికి కీలు నిర్మాణమే కారణమై ఉంటుంది. తరవాతి శతాబ్దాల్లో యూరప్ వైద్యులు కప్పీలు, తాళ్లు తెచ్చి బలాన్ని ఇంకా పెంచారు. ఆ లాగుడుకు ధమనులు తెగిన సంఘటనలు నాటి గ్రంథాలకెక్కాయి. 1846లో ఈథర్ మత్తు వచ్చాక, 1895లో ఎక్స్‌రే దొరికాక గాని బలానికి బదులు ఆలోచన పెట్టే వీలు కలగలేదు.

మినహాయింపు ఒకటుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగర శస్త్రవైద్యుడు థియోడర్ కోకర్ 1870లోనే, అంటే ఎక్స్‌రేకు పాతికేళ్ల ముందే, అసలు లాగకుండా కూర్చోబెట్టే పద్ధతిని ప్రచురించాడు. మోచేతిని వంచి ఒంటికి ఆనించి, ముంజేతిని నెమ్మదిగా అడ్డు తగిలేదాకా బయటికి తిప్పి, అలా తిప్పి ఉంచుతూనే దండచేతిని ముందుకు ఎత్తి, చివరికి చేయి ఎదుటి భుజాన్ని తాకేలా లోపలికి తిప్పడం ఆ పద్ధతి. థైరాయిడ్ పరిశోధనకు 1909లో నోబెల్ బహుమతి పొందిన ఈ వైద్యుడి పద్ధతికి తరవాతివారు లాగుడును చేర్చారు, తొందరగా తిప్పారు. దండ ఎముకలు మెలిపడి విరిగాయని పద్ధతికే చెడ్డపేరు వచ్చింది. నిజానికి కోకర్ చెప్పినంత నెమ్మదిగా చేస్తే అది నేటికీ మంచి పద్ధతుల్లో ఒకటి. అందులోని మొదటి అడుగును మాత్రమే తీసుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా ఆగుతూ ఐదు పది నిమిషాల్లో ముంజేతిని బయటికి తిప్పుకుంటూ పోవడాన్ని లైడెల్‌మేయర్ 1977లో ప్రచారంలోకి తెచ్చాడు. చాలాసార్లు తల ఆ తిప్పుడులోనే చప్పుడు లేకుండా లోపలికి పోతుంది.

న్యూయార్క్ శస్త్రవైద్యుడు స్టిమ్సన్ 1900లో వివరించిన ఉపాయం భూమ్యాకర్షణకే పని అప్పగిస్తుంది. రోగిని బోర్లా పడుకోబెట్టి, చేతిని బల్ల అంచునుంచి వేలాడనిచ్చి, మణికట్టుకు దాదాపు 5 కిలోల బరువు కట్టి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచితే కండరాలు అలసి వదులుతాయి. మగత మందులిచ్చిన రోగిని బోర్లా ఉంచితే ఊపిరి చూడడం కష్టమనేదే దీనికున్న లోటు. ఇదే భంగిమలో గాని, కూర్చోబెట్టి గాని తలను వదిలేసి గుంటనే తిప్పడం మరో మంచి ఊహ: రెక్క ఎముక కింది కొసను వెన్నెముకవైపు నెట్టి పై అంచును బయటివైపు తిప్పితే, తల తన దారిలో ఉండగానే గుంట దానికి ఎదురువస్తుంది. మిల్చ్ 1938లో చెప్పిన పద్ధతిలో చేతిని నిదానంగా తలపైదాకా ఎత్తి, భుజం కండరాలన్నీ ఒకే వరుసలోకి వచ్చాక బొటనవేలితో తలను లోపలికి నెడతారు.

ఆస్ట్రేలియా అత్యవసర వైద్యుడు నీల్ కన్నింగ్‌హామ్ 2003లో ప్రకటించిన పద్ధతిలో లాగడమన్నదే లేదు. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, అతడి మోచేతిని వంచి ఒంటికి ఆనించి, అతడి అరచేతిని ఎదురుగా కూర్చున్న వైద్యుడు తన భుజం మీద పెట్టుకుంటాడు. మెడ పక్క కండరాన్ని, డెల్టాయిడ్‌ను, దండచేతి ముందు కండరాన్ని వరసగా మర్దిస్తూ, రొమ్ము విరిచి భుజాలు వెనక్కి పెట్టమని రోగికి చెబుతాడు. కీలు ఎప్పుడు కూర్చుందో ఒక్కోసారి ఇద్దరికీ తెలియదు. రోగి సహకారం లేనిదే ఇది సాగదు. తాగివచ్చినవారితో, భయంతో వణికేవారితో వ్యర్థం. గ్రీసు వైద్యులు 2009లో ప్రకటించిన ఫేర్స్ పద్ధతిలో వెల్లకిలా ఉన్న రోగి మణికట్టు పట్టుకుని, మెత్తగా లాగుతూ, చేతిని కొద్దికొద్దిగా కిందికీ మీదికీ ఊపుతూ పక్కకు ఎత్తుకుంటూ పోయి, 90 డిగ్రీలు దాటాక బయటివైపు తిప్పుతారు; ఆ చిరు కదలికలు కండరాన్ని బిగియనివ్వవు. హిప్పోక్రటీస్ మడమతోనూ, కోకర్ పద్ధతితోనూ లాటరీ పంపకంతో పోల్చిచూసిన వారి అధ్యయనంలో ఇదే ఎక్కువమందికి ఫలించింది, తక్కువ నొప్పి కలిగించింది. స్విట్జర్లాండ్‌లో మంచు క్రీడలకు పేరుపొందిన దావోస్‌లో, రోగి తన మోకాలిని రెండు చేతులతో చుట్టి కట్టించుకుని మెల్లగా వెనక్కి వాలే పద్ధతి వాడుకలోకి వచ్చింది. అందులో లాగే బలం రోగి చేతుల్లోనే ఉంటుంది కాబట్టి నొప్పికి హద్దు అతడే నిర్ణయించుకుంటాడు.

మడమను చంకలో పెట్టి లాగడాన్ని యాక్సిలరీ నరానికి హాని చేస్తుందని ఇప్పుడు విడిచిపెట్టారు. దాని సంస్కరించిన రూపం మాత్రం మిగిలింది: ఒకరు దుప్పటిని చంక కిందుగా ఛాతీ చుట్టూ వేసి అటువైపు, మరొకరు చేతిని ఇటువైపు కుదుపు లేకుండా ఎడతెగక లాగడం. బలిష్ఠులైన రోగుల్లో, ఆలస్యంగా వచ్చినవారిలో ఇది నేటికీ అక్కరకు వస్తుంది గాని, దీనికి మంచి మగత కావాలి. ఏ పద్ధతీ ప్రతి రోగిలోనూ ఫలించదని అనుభవజ్ఞులు ఒప్పుకుంటారు. రెండు మూడు పద్ధతులు బాగా చేతికి వచ్చి, ఒకటి ఫలించనప్పుడు బలం పెంచకుండా పద్ధతి మార్చడం తెలిసినవారే ఇందులో నిపుణులు. వెనక్కి తొలగినదాన్ని చేతిని ముందుకు, లోపలికి లాగుతూ తలను వెనకనుంచి మెత్తగా నెట్టి సర్దుతారు. కిందికి తొలగినదాన్ని చేయి ఉన్న దిక్కుకే, అంటే పైకే లాగుతారు. ఈ రెండింటికీ ఎముకల వైద్యుడి సలహా ముందే తీసుకోవడం మేలు.

కూర్చున్న తరవాత

కీలు కూర్చుంటే గుండ్రదనం తిరిగివస్తుంది, నొప్పి చాలావరకు క్షణంలో తగ్గుతుంది, రోగి చేతిని ఎదుటి భుజం మీద పెట్టుకోగలుగుతాడు. అప్పుడు నరాలను, నాడిని మళ్లీ పరీక్షించి రాసి, మరో ఎక్స్‌రే తీస్తారు. ఆ చిత్రంలో తల వెనకభాగంలో కనిపించే నొక్కును, దాన్ని 1940లో వివరించిన ఇద్దరు అమెరికా రేడియాలజిస్టుల పేరుతో హిల్–సాక్స్ లోపమంటారు. తల గుంట అంచుకు గుద్దుకున్న గుర్తు అది. ఆ దెబ్బకే ముందువైపు లేబ్రమ్ ఊడిపోవడాన్ని, 1923లో దాని ప్రాముఖ్యాన్ని చెప్పిన బ్రిటిష్ శస్త్రవైద్యుడి పేరుతో బ్యాంకార్ట్ గాయమంటారు. నలభై ఏళ్లు దాటినవారిలో లేబ్రమ్ కంటే రొటేటర్ కఫ్ చిరగడం ఎక్కువ. వారం పది రోజులైనా చేయి పైకి లేవకపోతే దాన్ని నర దోషమనో, నొప్పి అనో సరిపెట్టుకోకుండా అల్ట్రాసౌండ్ గాని, ఎమ్మారై గాని తీయించాలి. దెబ్బతిన్న యాక్సిలరీ నరాల్లో ఎక్కువ భాగం కొన్ని నెలల్లో వాటంతట అవే కోలుకుంటాయి.

చేతిని స్లింగ్‌లో ఉంచే వ్యవధి మీద ఏకాభిప్రాయం లేదు: ఒకటి నుంచి మూడు వారాలు సాధారణం, వృద్ధుల్లో కీలు బిగుసుకుపోతుందనే భయంతో ఇంకా తక్కువ. చేతిని బయటివైపు తిప్పి కట్టు కడితే ఊడిన లేబ్రమ్ బాగా అతుక్కుంటుందని జపాను వైద్యుడు ఇతోయి బృందం చూపింది గాని, తరవాతి అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. వేళ్లు, మణికట్టు, మోచేయి మొదటి రోజునుంచే కదపాలి. శస్త్రచికిత్స అక్కరలేని పెద్దవారికి ఒకసారి సలహా, అభ్యాసాల వివరాలు ఇచ్చి పంపడంతో పోలిస్తే, వరసగా ఫిజియోథెరపీ చేయించడం ఆరు నెలల నాటికి అదనపు మేలు చేయలేదని బ్రిటన్‌లో జరిగి 2024లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. తెలుగు ఊళ్లలో ఫిజియోథెరపీకి రోజూ పట్నం పోలేని రోగికి ఇది ఊరటనిచ్చే సమాచారమే.

తెలుగువారికి సంబంధించి ఆలస్యం సంగతి వేరుగా చెప్పవలసి ఉంది. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు తెలుగు నేలలోనే కాక తమిళ, కన్నడ ప్రాంతాల్లోనూ పేరు పొందినది. ఎముక కట్టు కట్టే కుటుంబాలు ఇతర జిల్లాల్లోనూ ఉన్నాయి. ఖర్చు తక్కువ కావడం, నమ్మకం, ఆపరేషన్ భయం కలిసి జనాన్ని అటు నడిపిస్తాయి. చేతివాటం తెలిసినవారు తొలగిన భుజాన్ని కూర్చోబెట్టలేరని అనడానికి లేదు; ఎక్స్‌రే లేని చోట విరిగిన మెడను, వెనక్కి తొలగిన తలను పోల్చుకోవడమే కుదరని పని. కూర్చోని కీలు మీద కట్టు కట్టి, నూనె మర్దనలు చేయిస్తూ వారాలు గడిస్తే గుంటలో మచ్చ కణజాలం నిండుతుంది, ఎముక మెత్తబడుతుంది, ధమని చుట్టూ ఉన్న పొరలకు అంటుకుంటుంది. మూడు నాలుగు వారాలు దాటిన భుజాన్ని అత్యవసర విభాగంలో లాగితే ఎముక విరగడం గాని, ధమని చిరగడం గాని జరగవచ్చు. అటువంటిది ఆపరేషన్ గదికే చెందుతుంది.

మళ్లీ తొలగడమన్నది వయసును బట్టి ఉంటుంది. ఇరవై ఏళ్ల లోపు వచ్చినవారిలో ఎక్కువమందికి మళ్లీ జారుతుంది, నలభై దాటినవారిలో అది చాలా తక్కువ. అందువల్ల పోటీ ఆటల్లో ఉండే యువకులకు మొదటిసారికే కీలులోకి గొట్టం పంపి లేబ్రమ్‌ను కుట్టే ఆపరేషన్‌ను కొందరు సూచిస్తారు. గుంట అంచు ఎముకే అరిగిపోయినవారికి కోరకాయిడ్ ముక్కను అక్కడికి మార్చి బిగించే పద్ధతిని ఫ్రెంచి వైద్యుడు లాతార్జే 1954లో రూపొందించాడు. మూర్ఛవల్ల తొలగే భుజానికి మూర్ఛను మందులతో అదుపులోకి తేకుండా ఆపరేషన్ చేస్తే ఆ కుట్లు తరవాతి మూర్ఛకే తెగిపోవచ్చు. కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉండి, తలచినప్పుడు భుజాన్ని జార్చి మళ్లీ ఎక్కించుకోగల పిల్లలు కొందరుంటారు. వారి విషయంలో శస్త్రవైద్యులు కత్తికి తొందరపడరు, రెక్క ఎముక చుట్టూ ఉన్న కండరాలకు నెలల తరబడి అభ్యాసం చేయించడమే మొదటి చికిత్స.